ఊట ఒకరిది, బట్టీ ఇంకొకరిది: సీసా మీద పేరెవరిది?

గుణుపురం కుర్రాడు:
మా బావ బెంగళూరులో ఒక చిన్న బీరు తయారీ కేంద్రంలో పనిచేస్తాడు. దసరాకి వచ్చినప్పుడు రాత్రి రెండింటిదాకా ఒకటే వాదన. బీరు చేసేవాళ్ళూ విస్కీ చేసేవాళ్ళూ చేతులు కలిపి ఒక విస్కీ తెస్తే, అది ఎవరి విస్కీ?

నిజానికి విస్కీ కూడా మొదట బీరు లాంటిదే. మొలకెత్తించిన బార్లీని మరపట్టి వేడినీళ్ళలో నానబెడతారు, తీపి నీరు దింపుతారు, ఈస్ట్ వేసి పులియబెడతారు. బీరుకి చేదూ సువాసనా ఇచ్చే హాప్స్ అనే పువ్వులు వెయ్యరు, బీరులాగా మరిగించరు. మన భాషలో చెప్పాలంటే అది ఊట. 8 శాతం అటూ ఇటూ ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని రాగి బట్టీలో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి ఉంచుతారు. ఊట పెట్టింది బీరువాళ్ళయితే వాళ్ళ పేరు కాచినవాళ్ళ పేరుతో సమానమైన అక్షరాల్లో ఉండాలని నేనంటాను.

జయపురం మాస్టారు:
ఒప్పుకోను బాబూ. విస్కీకి సహజంగా వచ్చే రంగు పీపా నుంచే వస్తుంది, రుచిలో కూడా పెద్ద వాటా దానిదే. స్కాట్లాండులో కనీసం 3 ఏళ్ళు పీపాలో ఉంచందే విస్కీ అనడానికి చట్టం ఒప్పుకోదు. అక్కడి చలికి ఏడాదికి 2 శాతం ఆవిరైతే, బెంగళూరు ఎండకి 10 శాతం పైనే పోతుంది. అన్నేళ్ళు డబ్బు పీపాలో పెట్టి కూర్చున్నవాడూ, వారంలో ఊట అప్పగించి వెళ్ళిపోయినవాడూ సమానమెలా అవుతారు?

పైగా పేరున్న సీసాల్లో బీరువాళ్ళు ఊట పెట్టనే లేదు. జేమ్సన్ అనే ఐరిష్ విస్కీ వాళ్ళు 2013లో ఐర్లండులోని కార్క్ ఊళ్ళో ఫ్రాన్సిస్కన్ వెల్ అనే బీరు కేంద్రానికి తమ ఖాళీ పీపాలిచ్చారు. వాళ్ళు స్టౌట్ అనే నల్లటి బీరు పోసి, వాడుకుని తిరిగిచ్చారు. ఆ పీపాల్లో విస్కీని మళ్ళీ కొన్నాళ్ళు ఉంచారు. 2016లో గ్లెన్‌ఫిడిక్ అనే స్కాట్లాండు విస్కీ వాళ్ళు ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే ఒక రకం బీరు) పీపాలతో చేసిందీ ఇలాంటిదే.

గుణుపురం కుర్రాడు:
పీపాల సంగతి మీరన్నట్టే మాస్టారూ, అది ఇచ్చిపుచ్చుకోవడమే. నేను మాట్లాడేది అసలు బీరునే కాచే పని గురించి. కాలిఫోర్నియాలో చార్బే అనే విస్కీ వాళ్ళు, బేర్ రిపబ్లిక్ అనే బీరు కంపెనీ అప్పట్లో అమ్మిన రేసర్ 5 బీరునే తీసుకుని బట్టీకెక్కించారు. హాప్స్ చేదు ఆవిరి కాదు, బట్టీలోనే ఉండిపోతుంది. హాప్స్ నూనెల సువాసన మాత్రం ఆవిరితో పైకొస్తుంది. ఆ సువాసన బీరు చేసినవాడిదే కదా? పీపా దాన్ని పుట్టించలేదు.

చిన్నప్పుడు మా ఊరి పక్క కొండమీద ఒక సవర ముసలమ్మ ఇప్పపువ్వు ఊట పెట్టడం దగ్గరుండి చూశాను. తెల్లవారకముందే పువ్వు ఏరుకొచ్చి ఎండబెట్టేది. తర్వాత కుండలో నానేసి, మూతి ఆకులతో కట్టేది. రోజూ పొద్దున్నే కుండకి చెవి ఆనించి వినేది. నన్నూ వినమంది. లోపల సన్నటి జల్లు పడుతున్నట్టు చిటపట. ఆ చప్పుడు సద్దుమణిగిన రోజు చెయ్యెత్తి ఇక చాలంది. పొయ్యి దగ్గర కూర్చుని కాచింది ఆమె కొడుకు. ఊరంతా దాన్ని వాడి సారా అనేవాళ్ళు. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు, ఇప్పటికీ నాకది బాధే.

పర్లాకిమిడి:
పేరు సంగతి తర్వాత, ముందు అది విస్కీయా కాదా తేల్చండి. స్కాచ్‌కి, అంటే స్కాట్లాండు విస్కీకి, ధాన్యం, నీళ్ళు, ఈస్ట్ తప్ప రంగు కోసం కారమెల్ (మాడ్చిన పంచదార) ఒక్కటే ఒప్పుకుంటారు. హాప్స్ పడితే అక్కడ ఆ పేరు పెట్టనివ్వరు. పీపా విషయంలో మాత్రం 2019లో నిబంధన సడలించారు, బీరు పీపాలకి అడ్డు లేదు. ఇక మన దేశంలో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కలిపినదాన్ని కూడా విస్కీ అని అమ్ముతున్నారు, యూరప్‌లో దానికి ఆ పేరు చెల్లదు. నన్నడిగితే హాప్స్ వేసిన బార్లీ సారా మన మడ్డి విస్కీ కంటే విస్కీకి ఎంతో దగ్గర.

సిరొంచ అక్క:
మాది గడ్చిరోలి జిల్లా. ఇక్కడ 1993 నుంచి మద్యనిషేధం. ఆడవాళ్ళు రోడ్డెక్కి సాధించుకున్నది. కాబట్టి మీ సీసా మీద ఎవరి పేరున్నా నాకు సంతోషం లేదు. కానీ తమ్ముడూ, ఆ ముసలమ్మ సంగతి చదివాక ఒకటి అడగాలనిపించింది. పేరంటే గొప్ప ఒక్కటేనా? సరుకు చెడితే మాట పడేది కూడా పేరున్నవాళ్ళే. ఊట పాడైతే మీ బావ ముందుకొచ్చి, తప్పు నాదే అంటాడా? అలా అనేవాడికైతే పేరు అడిగే హక్కుంది.

జయపురం మాస్టారు:
అక్క అడిగింది అసలు ప్రశ్న. దానికి జవాబు వస్తే నా మాట మార్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. సమానమైన అక్షరాలంటే మాత్రం ఇంకా ఒప్పుకోను.

గుణుపురం కుర్రాడు:
అక్కా, రాత్రి బావకి ఫోన్ చేసి మీరడిగిందే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. పోయిన వేసవిలో ఒక ట్యాంకు పుల్లబడిందట. కడగడంలో తన కుర్రాళ్ళు ఏదో గొట్టం మరిచిపోయారు. హాప్స్ దట్టంగా వేసి కప్పెయ్యమని పక్కవాళ్ళు సలహా ఇచ్చారట. ఇతను వినకుండా వాల్వ్ తిప్పి ట్యాంకు మొత్తం కాలవలోకి వదిలేశాడు. చూసుకోవాల్సింది నేనే అని ఓనరుకి రాసిచ్చాడు. రెండు నెలల జీతంలో కోత పడింది. మా అక్కకి కూడా ఈ సంగతి నిన్ననే తెలిసింది.