చిట్టెలుకలు బాగానే ఉన్నాయి, షీట్ మాత్రం ఎర్రగా ఉంది

తూనికరాయి:
పొద్దున్నుంచి ఇదే పని, నాలుగు గంటలైంది. ల్యాబ్‌లో నీళ్ల నియంత్రణలో ఉన్న, అంటే ప్రయోగంలో నీళ్ల కోసం పని చేసేలా నీళ్లు తగ్గించిన, ఎనిమిది చిట్టెలుకల రోజువారీ షీట్ నాది. బరువు బేస్‌లైన్‌లో (పోల్చడానికి పెట్టుకున్న మొదటి బరువులో) 80 శాతం కన్నా తగ్గితే గడి ఎర్రబడేలా పెట్టాను. నిన్న ఫార్ములా సరిచేశాక ఒకేసారి ఐదు ఎర్రబడ్డాయి. మూడో నంబరుకి 79.2 అంటోంది. జంతువు చూస్తే చలాకీగా ఉంది, సెషన్ (రోజూ చేయించే ప్రయోగం) కూడా బాగా చేస్తోంది. రేపు వెట్ (జంతువుల డాక్టరు) గారు రికార్డులు చూస్తారు. ఫార్ములాలో తప్పెక్కడుందో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఒక్కమాట:
సెషన్‌కి ముందు తూస్తున్నారా, తర్వాతా?

తూనికరాయి:
వీలును బట్టి అండీ. ఒకరోజు ముందు, ఒకరోజు తర్వాత. నేను అడిగింది ఫార్ములా గురించి.

ఒక్కమాట:
ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము. 25 గ్రాముల జంతువుకి అదే 4 శాతం. రోజూ ఒకే వేళకి, ముందే తూయండి.

పాతకాపు:
అసలు 'నియంత్రణ' అనే మాట దగ్గరే నాకు పేచీ. మీరు చేస్తున్నది కోత. నియంత్రణ అంటే వేళలు మార్చడం కూడా అవుతుంది, కోత అంటే పరిమాణం తగ్గించడం. రికార్డులో ఆ తేడా కనబడాలి. ఇంకోటి, నీళ్లు తగ్గిస్తే తిండి కూడా తగ్గిస్తాయి. తిండి గడి పెట్టారా? సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి చూడండి. పుల్లగా ఉంటాయి కాబట్టి అవసరమైనంతే తాగుతాయి, మంచినీళ్ల కోసం పని కూడా చేస్తాయి. సగం రికార్డుల గొడవ పోతుంది.

గీతలపుస్తకం:
పాతకాపు గారూ, ఆయన అడిగింది అది కాదు కదా. అయినా షీట్‌ని నమ్మడమే పొరపాటు. నేను ఇప్పటికీ కాగితం మీదే రాస్తాను. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ. షీట్‌లో నిన్న ఫార్ములా మార్చారు, పాత అంకెలన్నీ చెప్పాపెట్టకుండా మారిపోయాయి. రేపు వెట్ గారికి ఏ అంకె చూపిస్తారు?

పాతకాపు:
కాగితమైనా షీటైనా ఒక్కో జంతువుకి విడిగా ఉండాలి. అమెరికా జాతీయ పరిశోధన మండలి గైడ్, 2011 ముద్రణ, అదే చెబుతుంది: రోజూ ఎంత తిన్నది, ఎంత తాగింది, ఒంట్లో నీరు ఎలా ఉంది, ప్రవర్తనలో మార్పులు. బరువు కనీసం వారానికోసారి, కోత ఎక్కువైతే ఇంకా తరచుగా.

ఒక్కమాట:
బేస్‌లైన్ ఏ రోజుది?

తూనికరాయి:
నీళ్లు తగ్గించడానికి ముందు రోజుది. అందరూ అదే కదా తీసుకునేది.

ఒక్కమాట:
తలమీద ఏమైనా బిగించారా?

తూనికరాయి:
హెడ్‌బార్ (తల కదలకుండా పట్టుకోవడానికి బిగించే కడ్డీ) ఉంది, అది మామూలే కదా. సిమెంటుతో కలిపి 1.8 గ్రాములు. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తూచి పట్టుకున్నాం. నిన్న సరిచేసింది అదే, రోజువారీ బరువులోంచి తీసేశాను.

ఒక్కమాట:
బేస్‌లైన్‌లోంచి?

తూనికరాయి:
...

తూనికరాయి:
లేదు. మూడో నంబరు బేస్‌లైన్ 26.0, బార్‌తో సహా. ఈరోజు 22.4, బార్ తీస్తే 20.6. దాన్ని 26తో భాగించాను. 24.2తో భాగిస్తే 85.1 వస్తోంది.

గీతలపుస్తకం:
ఇలాంటివి మొదటి పోస్టులోనే చెప్పాలి బాబూ. పైగా నిన్నటిదాకా రెండింట్లోనూ బార్ ఉంచి లెక్కేస్తే 86.2 వచ్చేది. అంటే ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపించింది. బార్ బరువు తగ్గదు, జంతువే తగ్గుతుంది. పిల్ల జంతువులైతే ఇంకో చిక్కు, అవి పెరగాల్సినవి, పాత బేస్‌లైన్ సరిపోదు. అదే వయసువి, నీళ్లు తగ్గించనివి పక్కన పెట్టి పోల్చాలి.

తూనికరాయి:
అన్నిటికీ సరిచేశాను. నాలుగు ఎరుపులు పోయాయి. ఆరో నంబరు మాత్రం 78.6 దగ్గరే ఉంది. ఆదివారం దాని గళ్లు ఖాళీగా ఉన్నాయి, ఆ రోజు డ్యూటీ నాది కాదు. ఇప్పటికి సున్నా పెట్టేయనా?

ఒక్కమాట:
వద్దు. సున్నా అంటే ఇవ్వలేదని. ఖాళీ అంటే తెలియదని. 'నమోదు లేదు' అని రాసి, ఈరోజు తేదీ వేయండి. ఆరోదాని గురించి వెట్‌కి రేపు కాదు, ఇప్పుడే ఫోన్ చేయండి.

గీతలపుస్తకం:
ఒంట్లో నీరు తగ్గిందేమో తెలియడానికి, దాని వీపు చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా చూడండి. చూసిందీ, ఇచ్చిన నీళ్లూ, టైమూ, మీ పొడి అక్షరాలూ రాయండి.

తూనికరాయి:
ఫోన్ చేశాను, వస్తున్నారు. థాంక్స్ అండీ.

పాతకాపు:
సిట్రిక్ ఆమ్లం సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.