వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పిల్లలతో నోవహు ఓడ: అట్ట వంగిపోతాంది

ప్రశ్న (కడప): మే నెలలో పిల్లలతో ఓడ చేయించాల, బైబిల్ కొలతలకే. నమూనా చేసి చూస్తే, కాగితం అంటించినాక గోడలు విల్లులా వంగినాయి. ఎందుకు?

జవాబు: ముందు కొలతలక్కా. ఆదికాండము 6:15లో 300 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. మూరకు 2 మిల్లీమీటర్లు వేసుకుంటే 60×10×6 సెంటీమీటర్లు. అంతస్తులు మూడు, ఒక్కోటి 2 సెంటీమీటర్లే. జంతుబొమ్మలు ఒకటిన్నర దాటితే పట్టవు. బొమ్మల పుస్తకాల్లోని పడవ ముక్కు ఆ వచనాల్లో లేదు, పెట్టెలాగే చేయండి.

ఇంకో జవాబు: వంపు తడి వల్ల. తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను తన వైపు లాగుతాది. రెండు వైపులా అంటిస్తే లాగుడు సరిపోతాది. 14వ వచనంలో కీలు (తారు) కూడా ‘లోపటను వెలుపటను’ పూయమనే కదా! ఫెవికాల్‌లో నీళ్లు కలపొద్దు, పల్చగా రాయండి. అట్ట లోపలి గాళ్లు (అలల్లాంటి మడతలు) గోడ పొడవునా ఉండాల. ఎండలో పెట్టొద్దు, పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: కీలుకు ఏ రంగన్నా?

జవాబు: కీలంటే తారే కదక్కా. నలుపులో కొంచెం గోధుమరంగు కలిపి, స్పాంజితో అద్దండి. కుంచెతో పూస్తే మళ్లీ తడిసి వంగుతాది.