చలికాలం మూడు నెలలు టాంపాలో: వెళ్ళినవాళ్ళు చెప్పగలరా?

ప్రశ్న (కెనడాలోని మిస్సిసాగా నుంచి)

అందరికీ నమస్కారం. మేము రాజమండ్రి నుంచి మా అబ్బాయి దగ్గరికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది, ఇద్దరికీ పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హోదా) వచ్చింది, పాస్‌పోర్టులు మాత్రం ఇంకా ఇండియావే. పోయిన చలికాలం అంతా మావారు మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేదు. జనవరి నుంచి మూడు నెలలు ఫ్లోరిడాలో, టాంపాలో అద్దెకి ఉండి రమ్మని అబ్బాయి అంటున్నాడు. అలా వెళ్ళేవాళ్ళు మంచీ చెడూ రెండూ చెప్పండి.

జవాబు (ఓక్‌విల్ నుంచి)

అక్కయ్యగారూ, మేము ఏటా చలికాలం అక్కడే ఉంటాం కాబట్టి గట్టిగా చెప్తున్నాను, వెళ్ళండి. కాకపోతే మొదటిసారే మూడు నెలలకి అద్దె కట్టెయ్యకండి. ఒక్క నెల ఉండి చూడండి, అక్కడి జీవితం మీకు పడుతుందో లేదో ఆ నెలలోనే తెలిసిపోతుంది.

మోకాళ్ళ సంగతి ముందు చెప్తాను. జనవరిలో అక్కడ పగలు ఇరవై డిగ్రీలు దాటుతుంది. అంతకంటే ముఖ్యం, ఐసు మీద కాలు జారుతుందన్న భయం ఉండదు, చెప్పులేసుకుని పొద్దునా సాయంత్రం నడవొచ్చు. మావారికి ఇక్కడ నాలుగు అడుగులు వేయాలంటే టెన్షన్, అక్కడ పార్కు చుట్టూ తిరిగి వచ్చి కాఫీ అడుగుతారు. అలాగని స్వెటర్లు ఇంట్లో వదిలేసి వెళ్ళకండి, అప్పుడప్పుడు ఉత్తరం నుంచి చలిగాలి దిగితే రాత్రిపూట ఐదు డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, చాలా అద్దె ఇళ్ళలో కింద చల్లటి టైల్సే. తుఫాన్ల గురించి భయపడకండి, వాటి కాలం జూన్ నుంచి నవంబరు ఆఖరు దాకా. మనం ఉండే నెలల్లో వానలు కూడా తక్కువే.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది సంక్రాంతి. ఇక్కడ వాకిట్లో మంచు ఎత్తిపోసుకోవడంతోనే సరిపోతుంది. అక్కడ పొద్దున్నే డ్రైవ్‌వే ఊడ్చి, నీళ్ళు చల్లి, బియ్యప్పిండితో చుక్కలు పెట్టి ముగ్గు వేస్తాను. పక్కింటి అమెరికా ఆవిడ కాఫీ కప్పు పట్టుకుని పూర్తయ్యేదాకా నిలబడి చూస్తుంది. ఒక జాగ్రత్త, గడ్డిలోకి ఒట్టి కాళ్ళతో దిగకండి, ఎర్రచీమల పుట్టలు ఉంటాయి, కుడితే పొక్కులు లేస్తాయి, మంట రెండు రోజులు పోదు.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. కారు లేకపోతే అక్కడ మీరు ఇంట్లో బందీలే. మిస్సిసాగాలో బస్సెక్కి గుడికీ లైబ్రరీకీ మీ అంతట మీరే వెళ్ళి రావొచ్చు, అక్కడ పాల ప్యాకెట్‌కీ కారు తియ్యాలి. టాంపాలో హిందూ టెంపుల్ ఆఫ్ ఫ్లోరిడా ఉంది, గోపురం మన ఊళ్ళలో గుడిలాగే ఉంటుంది, దర్శనం అయ్యాక కాసేపు కూర్చుంటే తెలుగు మాట వినిపిస్తుంది. కానీ తీసుకెళ్ళేది ఎవరు? మీ ఇద్దరిలో ఒకరికి మన ఒంటారియో రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్సు ఉండి, హైవే మీద నడిపే ధైర్యం ఉంటే సరే, లేకపోతే గుడికి దగ్గర్లో, కొట్లు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఇల్లే చూసుకోండి, అద్దె ఎక్కువైనా సరే. మనవల్ని వదిలి ఉండటం కూడా మీరు అనుకునేదానికంటే కష్టంగానే ఉంటుంది, రెండో వారం నుంచి తెలుస్తుంది.

ఇక ఇన్సూరెన్సు. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంది కదా అనుకుంటారు చాలామంది. దేశం బయట అత్యవసరంగా హాస్పిటల్లో చేరితే ఓహిప్ ఇచ్చేది రోజుకి ఎక్కువలో ఎక్కువ 400 కెనడా డాలర్లు, అక్కడి బిల్లులో అది ఏ మూలకీ రాదు. ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరిగా తీసుకోండి, తీసుకునేటప్పుడు పాత జబ్బుల గురించి ఏం రాశారో అబ్బాయి చేత చదివించండి. చాలా పాలసీల్లో, బయల్దేరేముందు మూడు నెలలో ఆరు నెలలో ఆ జబ్బు నిలకడగా ఉండాలంటారు, ఆ గడువులో బీపీ బిళ్ళ మోతాదు మార్చినా, తగ్గించినా సరే, నిలకడగా లేనట్టే లెక్క. మాకు తెలిసిన ఒకాయనకి డాక్టరు డిసెంబరులో షుగర్ మందు మార్చారు, జనవరిలో అక్కడ హాస్పిటల్లో చేరితే కంపెనీ పైసా ఇవ్వలేదు. అందుకే డాక్టరుని సెప్టెంబరులోనే కలవండి, మార్చాల్సిన మందులు అప్పుడే మార్పించుకోండి.

మీవి ఇండియా పాస్‌పోర్టులు కాబట్టి పీఆర్ కార్డు ఒక్కటే చూపిస్తే అమెరికాలోకి రానివ్వరు, విజిటర్ వీసా కావాలి. ఇంటర్వ్యూకి చాలాకాలం పట్టొచ్చు, ఇప్పుడే అప్లై చెయ్యండి. లోపలికి వెళ్ళాక ఐ-94 లో (అమెరికాలోకి వచ్చినట్టు వాళ్ళు రాసుకునే రికార్డు) ఏ తేదీ దాకా ఉండనిచ్చారో చూసుకోండి.

జవాబు (బ్రాంప్టన్ నుంచి)

పై జవాబులో ఇన్సూరెన్సు మాట అక్షరాలా నిజం. కానీ రాజమండ్రిలో ఇల్లు, అన్నదమ్ములు ఉంటే ఫ్లోరిడా ఎందుకండీ? జనవరిలో గోదావరి గట్టు మీద సాయంత్రం నడక కంటే ఏం కావాలి, కారు నడపక్కర్లేదు, మాట్లాడే మనుషులకి కొదవ లేదు. కాళ్ళు వాచిపోయే అంత ప్రయాణం ఒక్కటే ఇబ్బంది, మార్చి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి కాబట్టి ముందే తిరిగి రావాలి. ఎక్కడికి వెళ్ళినా రోజులు లెక్క రాసుకోండి. పీఆర్ నిలవాలంటే ఐదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉండాలి, టాంపాలో ఉన్న రోజులు అందులోకి రావు. ఓహిప్‌కి ఏ 12 నెలల్లో చూసినా 153 రోజులు ఒంటారియోలో ఉండాలి.

జవాబు (ఓక్‌విల్ నుంచి)

రాజమండ్రి మాట కాదనను, ఆ సుఖం వేరు. అయితే మూడు నెలలకి అంత దూరం మోకాళ్ళ నొప్పులతో రెండుసార్లు విమానం ఎక్కడం ఆయన వల్ల అవుతుందా లేదా చూసుకోవాలి, టాంపా అయితే టొరంటో నుంచి మూడు గంటలే. రోజుల లెక్క ఎత్తారు కాబట్టి ఇంకొకటి. ఏటా వెళ్ళే ఆలోచన ఉంటే అమెరికాలో ఏడాదికి 120 రోజులు దాటకండి. అమెరికా టాక్సు వాళ్ళు ఈ ఏడాది రోజులకి పోయిన ఏడాదివి మూడో వంతు, అంతకు ముందువి ఆరో వంతు కలుపుతారు, మొత్తం 183 అయితే అక్కడ టాక్సు ప్రశ్నలు మొదలవుతాయి.

మర్చిపోయాను, కరివేపాకు. అక్కడ మనవాళ్ళ పెరళ్ళలో చెట్లే ఉంటాయి, కోసుకోమంటారు. తిరిగి వచ్చేటప్పుడు మొక్క మాత్రం తెచ్చుకోకండి. దాని మీద బతికే చిన్న పురుగు నారింజ తోటలకి తెగులు అంటిస్తుంది, ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడి తోటలు బాగా దెబ్బతిన్నాయి, అందుకే మొక్కల మీద కట్టుబాట్లున్నాయి. మామిడిచెట్లు కూడా కనిపిస్తాయి కానీ ఫిబ్రవరిలో పూత చూసి మురిసిపోవడమే, కాయ పండేసరికి వేసవి వస్తుంది. అద్దెలు ఫిబ్రవరి, మార్చిలోనే ఎక్కువ, కాబట్టి ఒక్క నెలకే అయితే సంక్రాంతికి ముందు వెళ్ళేలా చూసుకోండి.