రైట్ సోదరులు, ఫ్రాంక్ లాయిడ్ రైట్, రిచర్డ్ రైట్: అందరూ ఒకే ఇంటివాళ్లా?

ఆరో తరగతి అమ్మ:
మా అబ్బాయిని బడిలో అమెరికా మార్గదర్శకుల బొమ్మలు అట్ట మీద అతికించి తెమ్మన్నారు. వాడు అంతటితో ఆగకుండా ఏకంగా వంశవృక్షమే గీశాడు. విల్బర్, ఆర్విల్ అన్నదమ్ములు, అది సరే. వాళ్ల పక్కన మూడో సోదరుడిగా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్! కింద మనవడి చోట రచయిత రిచర్డ్ రైట్! ఎలా తెలిసిందిరా అంటే, "ఇంటిపేరు ఒకటే కదమ్మా" అన్నాడు. పైగా విల్బర్, ఫ్రాంక్ ఇద్దరూ 1867లోనే పుట్టారట, కవలలేమో అని వాడి అనుమానం. సోమవారం ఇచ్చేయాలి. జిగురు ఇంకా ఆరలేదు. నిజం ఏమిటో ఎవరైనా చెప్పండి.

డేటన్ వాసి:
జిగురు ఆరకముందే ఫ్రాంక్‌ను పీకేయండి అమ్మా. నేను ఒహాయోలోని డేటన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. వేసవిలో చుట్టాలు వస్తే రైట్ సోదరుల 1905 నాటి విమానం చూపించడానికి కారిలాన్ పార్కుకు తీసుకెళ్లడం నా వంతు. కారు దిగేలోపే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. అందుకే జవాబు నోటికి వచ్చేసింది.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న ఇండియానాలో పుట్టాడు, ఫ్రాంక్ అదే ఏడాది జూన్ 8న విస్కాన్సిన్‌లో. ఒకరి తల్లి సూసన్, మరొకరి తల్లి ఆనా. ఇద్దరి తండ్రులూ చర్చిలో బోధకులన్న సంగతి మీవాడి కంట పడలేదు, అదృష్టం!

రైట్ అంటే పాత ఇంగ్లిషులో పనివాడు, చేతితో చేసేవాడు. బండిచక్రాలు చేసేవాడు వీల్‌రైట్, ఓడలు కట్టేవాడు షిప్‌రైట్, నాటకం అల్లేవాడు ప్లేరైట్. వృత్తి నుంచి వచ్చిన పేరు కాబట్టి ఏ సంబంధమూ లేని కుటుంబాలకు కూడా అదే పేరు ఉంటుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటాం గానీ, వీళ్ల విషయంలో మాత్రం పేరుకూ పనికీ చక్కగా కుదిరింది.

చెట్టు చెరిపేసి బొమ్మలాటలు పెట్టమనండి. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో, కిండర్‌గార్టెన్ పిల్లల కోసం ఫ్రోబెల్ రూపొందించిన చెక్కదిమ్మెలు చూసి ఆనా తన కొడుకు కోసం తెచ్చింది. వాటి స్పర్శ ముసలితనంలో కూడా తన వేళ్లలో ఉందని ఫ్రాంక్ చెప్పుకున్నాడు. 1878లో విల్బర్ వాళ్ల నాన్న రబ్బరు బ్యాండుతో ఎగిరే బొమ్మ తెచ్చాడు. అది విరిగిపోయేదాకా ఆడుకుని, తర్వాత అలాంటివి తామే చేసుకున్నారు ఆ పిల్లలు. ఫ్రాంక్ కొడుకు జాన్ అయితే లింకన్ లాగ్స్ అనే కట్టెల ఆటబొమ్మనే కనిపెట్టాడు.

చుట్టరికం లేకపోయినా నాకు ఇష్టమైన కలయిక ఒకటుంది. 1901 మార్చిలో షికాగోలోని హల్ హౌస్ అనే సమాజసేవా కేంద్రంలో ఫ్రాంక్ యంత్రానికీ కళకూ పొత్తు గురించి ప్రసంగించాడు. అదే ఊళ్లో సెప్టెంబరు 18న విల్బర్ ఇంజినీర్ల సభలో మాట్లాడాడు. అతన్ని పిలిచింది ఆక్టేవ్ షనూట్ అనే వంతెనల ఇంజినీరు. వంతెనలకు వాడే అడ్డకట్ల పద్ధతిని రెండంతస్తుల రెక్కలకు తెచ్చిన మనిషి ఆయనే, రైట్ సోదరులు అందుకున్నదీ అదే. ఆ వేసవిలో వాళ్ల గ్లైడర్, అంటే ఇంజిన్ లేని విమానం, లెక్కల్లో ఉన్నంత బరువు మోయక విల్బర్ డీలా పడి ఉన్నాడు. షికాగో నుంచి తిరిగొచ్చాక అన్నదమ్ములు ఆరడుగుల చెక్కపెట్టెతో, లోపల గాలి వీచేలా గాలి సొరంగం చేసి, దాదాపు 200 చిన్న రెక్కలను పరీక్షించారు. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ దగ్గర 12 సెకన్లు ఎగిరారు కదా, ఆ ఎగరడం ఈ పెట్టెలోనే మొదలైందని నా లెక్క.

పుస్తకాల పురుగు:
రిచర్డ్‌ను మనవణ్ణి చేయడం నాకు నవ్వు తెప్పించలేదండీ. ఆయన 1908 సెప్టెంబరు 4న మిసిసిపీలో, పొలం కౌలుకు చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తాతలు, అమ్మమ్మ, నానమ్మ అందరూ పుట్టుకతో బానిసలు. అలాంటి కుటుంబంలో ఇంటిపేరు వెనక పెద్ద చరిత్రే ఉంటుంది, అట్ట మీద గీత గీస్తే తేలదు. ఆయన పుట్టడానికి సరిగ్గా ముందు రోజు, సెప్టెంబరు 3న, ఆర్విల్ సైన్యాధికారుల ముందు వర్జీనియాలోని ఫోర్ట్ మయర్ సైనిక స్థావరంలో విమానం ఎగరేశాడు.

మెంఫిస్‌లో నల్లవాళ్లకు గ్రంథాలయం పుస్తకం ఇవ్వని రోజుల్లో, ఒక తెల్ల సహోద్యోగి కార్డు తీసుకుని, అతను పంపినట్టు చీటీ రాసుకుని పుస్తకాలు తెచ్చుకున్నవాడు రిచర్డ్. 1940లో వచ్చిన 'నేటివ్ సన్' నవల మొదట్లోనే ఆకాశంలో ఒక విమానం పొగతో అక్షరాలు రాస్తుంటుంది. కింద వీధిలో నిలబడిన బిగ్గర్ అనే నల్లజాతి యువకుడు, అవకాశం దొరికితే తానూ నడపగలనంటాడు. ఆ అవకాశం రాదని వాడికీ తెలుసు. ఈ నవల జరిగేది దక్షిణ షికాగోలో. ఫ్రాంక్ కట్టిన రోబీ హౌస్ ఉన్నదీ అటువైపే.

మధ్యలో దూరినవాడు:
డేటన్‌లో ఆర్విల్ మేడ కట్టింది ఫ్రాంకే అని ఎవరో చెప్పగా విన్నాను. మరి పరిచయమైనా ఉన్నట్టే కదా?

డేటన్ వాసి:
అది హాథార్న్ హిల్. డేటన్ వాళ్లే అయిన షెంక్, విలియమ్స్ అనే వాస్తుశిల్పులు కట్టారు. తెల్లటి ఎత్తైన స్తంభాల ఇల్లు అది, ఫ్రాంక్ చూస్తే మొహం తిప్పుకునే రకం. పాపం, విల్బర్ 1912లోనే టైఫాయిడ్‌తో పోయాడు. ఇల్లు పూర్తయింది 1914లో.

ఆరో తరగతి అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. ఫ్రాంక్‌ను పీకాం, కొంచెం చిరిగాడు. బొమ్మలాటలు మావాడికి నచ్చాయి. రిచర్డ్‌కు చెట్టు మీద కాకుండా విడిగా చోటిచ్చాం. ఇప్పుడు రైట్ సోదరుల కింద ఒక కొమ్మ ఖాళీగా వేలాడుతోంది.

డేటన్ వాసి:
అక్కడ పాల్ లారెన్స్ డన్‌బార్‌ను పెట్టండి. కవి, ఆర్విల్‌కు హైస్కూలు సహాధ్యాయి. 1890లో అతను నడిపిన 'డేటన్ ట్యాట్లర్' పత్రికను అచ్చు వేసిపెట్టింది అన్నదమ్ములే, విమానాల గొడవ తలకెక్కక ముందు వాళ్లకు ముద్రణశాల ఉండేది. చదువయ్యాక నల్లవాడికి మంచి ఉద్యోగం ఇచ్చేవారు లేక అతను లిఫ్టు నడిపాడు. తన మొదటి కవితల పుస్తకాన్ని ఆ లిఫ్టు ఎక్కినవాళ్లకే అమ్మాడు. ఇప్పుడు ముగ్గురూ వుడ్‌ల్యాండ్ శ్మశానంలోనే ఉన్నారు.

ఆరో తరగతి అమ్మ:
చెప్పాను. "ఆయన ఇంటిపేరు రైట్ కాదు కదా, ఎలా అతికిస్తాను?" అని నాతో వాదిస్తున్నాడు.