అప్‌డేట్: ఎనిమిది నెలలకీ కూర్చోవట్లేదన్న ప్రశ్న

30 వారాలకే పుట్టిన పాప ఎనిమిది నెలలు నిండినా కూర్చోవట్లేదని అడిగాను కదా, తప్పు లెక్కలోనే ఉంది. నిండు గర్భమంటే 40 వారాలు, దానికి తగ్గిన ఆ పది వారాలూ తీసేస్తే సరిచేసిన వయసు సుమారు అయిదున్నర నెలలే. రెండేళ్లదాకా ఇదే లెక్క. ఆసరా లేకుండా కూర్చోవడం 4–9 నెలల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే.

పాపని బోర్లా వేస్తే ఏడుస్తోంది కూడా, దానికి కారణం వేరు: ఇలా నెలలు నిండకుండా పుట్టిన పిల్లల భుజాలు వెనక్కి లాగేసినట్టుంటాయి. చిన్న తువ్వాలు చుట్టి ఛాతీ కింద అడ్డంగా పెట్టి, మోచేతులు భుజాలకన్నా కాస్త ముందుకి తేవాలి. మెలకువలోనే, రెండు మూడు నిమిషాల చొప్పున, రోజుకి చాలాసార్లు. నిద్రకి మాత్రం వెల్లకిలానే. వాకర్ వద్దే వద్దు, మునివేళ్లతో నెట్టడమే అలవాటవుతుంది.

పిడికిళ్లు ఎప్పుడూ బిగిసే ఉన్నా, కాళ్లు కత్తెరలా పడుతున్నా, ఒక్క చేతినే వాడుతున్నా ఈ లెక్కలు పక్కనపెట్టి వెంటనే పిల్లల డాక్టరుకి చూపించాలి.