బ్రేకులు కీచుమనేదాకా విప్పనక్కర్లేదా?

పాతకారు:
పోయిన వారం కారు సర్వీసింగుకు ఇచ్చాను. నాలుగు చక్రాలూ విప్పి బ్రేకులు శుభ్రం చేశామని, బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటింది కాబట్టి మార్చాలని చీటీ రాసి చేతిలో పెట్టారు. బండి నిక్షేపంలా ఆగుతోంది. ప్యాడ్లు అరిగితే కీచుమని అరవడానికి వాటికే ఒక రేకు ఉంటుంది కదా, అప్పుడు చూసుకుంటే సరిపోదా? అరవని బ్రేకును విప్పడం బిల్లు పెంచడానికేనని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి, భయపెట్టకండి.

సందుచివరి మెకానిక్:
మీ అనుమానంలో సగం న్యాయం ఉందండీ. చక్రం ముట్టుకోకుండానే బ్రేకుల శుభ్రతకు డబ్బు రాసే చోట్లు నేనూ చూశాను. అయితే ఆ రేకు డిస్కు ప్యాడ్లకే, అదీ చాలా కార్లలో జతలో ఒక్కదానికే. వెనక డ్రమ్ములుంటే, వాటిలో ప్యాడ్ల పని చేసే షూలకు అరిచే ఏర్పాటేమీ లేదు. ప్యాడ్ మీది సరుకు కొత్తలో 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 3కి వస్తే నేనైతే ఉంచను.
ఇంకొకటి. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ పోయి డబ్బాలో మట్టం దిగుతుంది. చాలామంది అది చూసి పైనుంచి కాస్త పోసి ఊరుకుంటారు. బండి చెప్పబోయిన మాటకు నోరు మూయడమే అది.

మన్యం దారి:
నేను మారేడుమిల్లి, చింతూరు ఘాట్‌లో తరచూ తిరుగుతాను. ఒకసారి దిగువకు వచ్చేసరికి పెడల్ దూది దిండులా లోపలికి దిగిపోయింది. రెండు మూడుసార్లు టపటపా తొక్కితే గానీ పట్టు దొరకలేదు. ప్యాడ్లు సగం కూడా అరగలేదు! రెండో గేరులో దిగవలసిన చోట నాలుగో గేరు వేసి, కాలు బ్రేకు మీదే ఉంచడం నా తప్పు. మిగతాది నాలుగేళ్లుగా మార్చని ఆయిల్ తప్పు.

పాతకారు:
కొండలు దిగేవారికి సరే. నాది విజయవాడలో ఇంటికీ ఆఫీసుకూ మధ్య 8 కిలోమీటర్ల ప్రయాణం. మూత బిగించిన డబ్బాలో ఆయిల్‌కు ఏమవుతుంది?

సందుచివరి మెకానిక్:
ఆ ఆయిల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ చేరుతుంది. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. నీరు 3.7 శాతానికి చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా బుడగలకే సరి.
మీ ఎనిమిది కిలోమీటర్లలో అంత వేడి పుట్టదని ఒప్పుకుంటాను. కానీ సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే మీ ప్యాడ్లు హైవే మీద తిరిగేవారి వాటికంటే ముందే అరుగుతాయి. మీటరులో తక్కువ తిరిగిందని చూసి వాయిదా వేయకండి.

ఛార్జింగు బండి:
నాది విద్యుత్ కారు. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చూసుకుంటుంది కాబట్టి ప్యాడ్లు పెద్దగా అరగవు. వాటి బదులు డిస్కులు తుప్పు పడుతున్నాయి. వాడకపోయినా సుఖం లేదు.

పాతకారు:
ఆదివారం మా వీధి మెకానిక్ చేత ముందు చక్రం విప్పించాను. బయటి ప్యాడ్ 6 మిల్లీమీటర్లు, లోపలిది 2 కూడా లేదు. చక్రం సందుల్లోంచి కనిపించేది బయటిదే. ఏడాదిగా టార్చి వేసి చూసి మురిసిపోయింది దాన్నే. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ జరగవలసిన పిన్ను తుప్పుతో బిగుసుకుపోయిందట. పోయినసారి చవకగా వేయించిన ప్యాడ్లకు అరిచే రేకే లేదు.
ప్యాడ్లు మార్పించి, పిన్నుకు గ్రీజు పెట్టించాను. ఆయిల్ విషయంలో ఇంకా మెత్తబడలేదు. నాలుగు చక్రాలూ విప్పామని రాసిన చీటీ మాత్రం నా దగ్గరే ఉంది. పాత ప్యాడ్ కాగితంలో చుట్టి పెట్టుకున్నాను. రేపు రెండూ పట్టుకుని వెళ్తున్నాను.