ఫాస్టింగ్ ఇన్సులిన్ కూడా చేయించాలా, టీవైజీ ఇండెక్స్ సరిపోతుందా?

ప్రశ్న – క్యాంప్_డెస్క్

ఫ్యాక్టరీ ఉద్యోగులు 400 మందికి (35–55 ఏళ్లు) ఏటా చేసే చెకప్ ప్యాకేజీ తయారవుతోంది. పరగడుపు షుగర్, లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ, బీపీ ఎలాగూ ఉన్నాయి. ఫాస్టింగ్ ఇన్సులిన్ కలిపి హోమా-ఐఆర్ (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడాన్ని, అంటే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ని అంచనా వేసే లెక్క) వేస్తే గుండె రిస్కు ముందే పట్టేయొచ్చని ల్యాబ్ వాళ్ల మాట. టీవైజీ (అదే రెసిస్టెన్స్‌ని షుగర్, ట్రైగ్లిజరైడ్లతో అంచనా వేసే అంకె) అయితే పైసా ఖర్చు లేకుండా ఉన్న రిపోర్టుల్లోంచే వస్తుంది కదా?

నమూనాకి ఒకరి అంకెలు: షుగర్ 98, ట్రైగ్లిజరైడ్లు 180, మొత్తం కొలెస్ట్రాల్ 196, హెచ్‌డీఎల్ 36, ఎల్‌డీఎల్ 124, ఇన్సులిన్ 14. ఎక్సెల్‌లో టీవైజీ 4.89 వచ్చింది. చదివిన చోటల్లా 8, 9 అంటున్నారు. ఎక్కడ తప్పింది?

జవాబు – బయోకెమ్_బెంచ్

సగం చేసే చోట తప్పింది. ముందు షుగర్‌ని ట్రైగ్లిజరైడ్లతో గుణించాలి: 98 × 180 = 17,640. దాన్ని సగం చేయాలి: 8,820. ఆ తర్వాతే నేచురల్ లాగ్: 9.08. మీ షీట్ ముందు లాగ్ తీసి తర్వాత సగం చేసింది, అందుకే 4.89. కొన్ని పాత పేపర్లలో సూత్రం అచ్చు అలాగే పడింది కాబట్టి 4.5, 4.7 లాంటి కటాఫ్‌లు కూడా తిరుగుతుంటాయి, వాటితో 9.08ని పోల్చకండి. ఇంకో ఉచ్చు ఫోన్ కాలిక్యులేటర్‌లోది: ‘ఎల్‌ఎన్’ బదులు ‘లాగ్’ నొక్కితే 3.95 వస్తుంది. రెండు విలువలూ ఎంజీ/డీఎల్‌లోనే ఉండాలి.

హోమా-ఐఆర్ అంటే షుగర్ × ఇన్సులిన్ ÷ 405. ఈయనకి 98 × 14 ÷ 405 = 3.4. 2.5 దాటితే రెసిస్టెన్స్ అని చాలామంది అంటారు గానీ, ఆ గీత అన్ని ల్యాబులకీ పనికిరాదు. ఇన్సులిన్ పరీక్ష ఇంకా ప్రామాణికం కాలేదు, ఒకే శాంపిల్ రెండు కంపెనీల మిషన్ల మీద రెండు అంకెలు ఇస్తుంది. పైగా క్యాంపు శాంపిల్‌తో వచ్చే తిప్పలు వేరే. రక్తం హీమోలైజ్ అయితే, అంటే ఎర్రకణాలు పగిలితే, వాటిలోని ఎంజైమ్ ఇన్సులిన్‌ని తినేస్తుంది, విలువ పడిపోతుంది. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రల వల్ల కూడా కొన్ని మిషన్లలో ఇన్సులిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకైతే హోమా లెక్కకి అర్థమే లేదు.

షుగర్ ట్యూబ్ సంగతి చూసుకోండి. సీరమ్ వేరు చేయకుండా ఉంచితే గంటకి 5–7 శాతం గ్లూకోజ్ కరిగిపోతుంది. బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబ్ వాడినా ఆ నష్టం వెంటనే ఆగదు, మొదటి గంట రెండు గంటలు జరుగుతూనే ఉంటుంది. ఐస్‌లో పెట్టి త్వరగా సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో తిప్పించడం మంచిది. ట్రైగ్లిజరైడ్లు అదే మనిషిలో రోజు రోజుకీ 20 శాతం దాకా ఊగుతాయి, అంటే టీవైజీలో 0.2 తేడా. 8.8కీ 9.0కీ మధ్య గీత గీసి ఒకరిని భయపెట్టి ఇంకొకరిని ఇంటికి పంపడం తప్పు.

జవాబు – ఓపీ_ఫిజీషియన్

ఇన్సులిన్ వద్దు, ఆ డబ్బు అపోబికి (రక్తనాళాల్లో పేరుకునే కొలెస్ట్రాల్ కణాల సంఖ్య చెప్పే పరీక్ష) పెట్టండి.

కారణం చెప్తాను. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కొవ్వు కణాల నుంచి ఫ్యాటీ యాసిడ్లు కాలేయానికి వరదలా చేరతాయి. కాలేయం వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్లు మోసే కణాలు) ఎక్కువగా తయారుచేసి పంపుతుంది. అందులోని ట్రైగ్లిజరైడ్లు హెచ్‌డీఎల్‌లోకీ ఎల్‌డీఎల్‌లోకీ మారతాయి. అలా బరువెక్కిన హెచ్‌డీఎల్ త్వరగా రక్తంలోంచి వెళ్లిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, సంఖ్యలో పెరుగుతాయి. పై అంకెలే చూడండి: ఎల్‌డీఎల్ 124 అని పెద్దగా పట్టించుకోరు. కానీ నాన్-హెచ్‌డీఎల్ (మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) 160. ట్రైగ్లిజరైడ్లు ÷ హెచ్‌డీఎల్ 5, మామూలుగా 3 దాటితేనే రెసిస్టెన్స్ ఉందని అనుమానిస్తాం. (మిల్లీమోల్స్‌లో ఇదే నిష్పత్తి 2.2 అవుతుంది, విదేశీ పట్టికలతో పోల్చేటప్పుడు జాగ్రత్త.)

టీవైజీకీ గుండె జబ్బుకీ సంబంధం ఉన్న మాట నిజమే. భారత్ సహా 22 దేశాల్లో సాగిన ప్యూర్ అధ్యయనంలోనూ అది కనిపించింది. సంబంధం ఉండటం వేరు, రిస్కు అంచనాకి కొత్తగా ఏదైనా కలపడం వేరు. క్యూరిస్క్3, 2023లో వచ్చిన ప్రివెంట్ లాంటి గుండె రిస్కు లెక్కించే కాలిక్యులేటర్లలో ఇన్సులిన్ అడగరు. బీపీ, పొగ, లిపిడ్లు, షుగర్ చేర్చాక రెసిస్టెన్స్ చేసే చెడులో చాలా భాగం వాటిలోనే వచ్చేస్తుంది. టీవైజీ మరీ, అవే రెండు పరీక్షలతో కట్టింది. మళ్లీ కలిపితే ఒకే బిల్లు రెండుసార్లు వేసినట్టు.

అందుకని ముందు క్యూరిస్క్3 వేయండి, అందులో ‘ఇండియన్’ ఎంచుకోవచ్చు. మధ్యస్థంగా వచ్చినవాళ్లకి అపోబి, జీవితంలో ఒక్కసారి ఎల్‌పీ(ఏ) (ఎల్‌డీఎల్ లాంటి ఒక కణం) పరీక్ష. ఎల్‌పీ(ఏ) వంశపారంపర్యం, 50 ఎంజీ/డీఎల్ దాటితే రిస్కు పెరిగినట్టే. టీవైజీ ఎంత బాగున్నా దాన్ని పట్టుకోలేదు. అప్పటికీ మందు మొదలుపెట్టాలా వద్దా తేలకపోతే, గుండె కాల్షియం స్కోర్ సీటీ (గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియం కొలిచే స్కాన్).

మళ్లీ – క్యాంప్_డెస్క్

అర్థమైందండీ, ఇన్సులిన్ తీసేస్తున్నాం. మందులు వాడేవాళ్ల టీవైజీ నమ్మొచ్చా? ఇది కాక ఖర్చు లేకుండా ఇంకేం చేర్చొచ్చు?

జవాబు – ఓపీ_ఫిజీషియన్

ఫెనోఫైబ్రేట్ వాడుతుంటే ట్రైగ్లిజరైడ్లు పడిపోతాయి, టీవైజీ దిగుతుంది, లోపలి రెసిస్టెన్స్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మద్యం, థైరాయిడ్ తక్కువవడం, స్టెరాయిడ్లు టీవైజీని పైకి ఎక్కిస్తాయి. ఫారంలో ఈ నాలుగూ టిక్ పెట్టించండి. ఐరన్ లోపం ఉన్న మహిళల్లో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, హీమోగ్లోబిన్ పక్కనే వేయండి.

ఖర్చు లేనిది నడుం కొలత. మనవాళ్లకి మగవారిలో 90 సెం.మీ., ఆడవారిలో 80 దాటితే ఎక్కువ. ప్యాంటు సైజు అడిగి రాసేస్తుంటారు, అది వద్దు. ప్యాంటు బొజ్జ కిందికి జారి ఉంటుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యన, చొక్కా పైకెత్తి, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. టేపు వెనక కిందికి జారకుండా ఇంకొకరు పట్టుకుంటే మంచిది.